వగరుకు వయసొస్తే

ఏటా ఏప్రిల్ వచ్చేసరికి ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతం వైన్ వ్యాపారులతో, రుచి చూసి రాసే విమర్శకులతో నిండిపోతుంది. వాళ్ళు రుచి చూసేది కిందటి సెప్టెంబరు, అక్టోబరుల్లో కోసిన ద్రాక్షతో తయారై, ఇంకా పీపాల్లోనే ఉన్న వైన్‌ని. ఒక గుక్క నోట్లో పోసుకుంటారు, పుక్కిలిస్తారు, ఉమ్మేస్తారు, ఏదో రాసుకుంటారు. మధ్యాహ్నానికి అందరి పళ్ళూ నేరేడుపళ్ళు తిన్న పిల్లల పళ్ళలా తయారవుతాయి. నిజం చెప్పాలంటే ఆ వయసులో ఆ వైన్ తాగబుద్ధి కాదు. బుగ్గలు లోపలికి లాగేస్తుంది, నాలుక గరుకెక్కుతుంది. అయినా వాళ్ళు సంతోషంగా తలూపుతూ, ఇది ముప్ఫై ఏళ్ళు నిలుస్తుంది, నలభై ఏళ్ళు నిలుస్తుంది అని అంచనాలు కడుతుంటారు.

వాళ్ళు మెచ్చుకుంటున్నది వగరుని. పచ్చి అరటికాయ, వక్క, కరక్కాయ నమిలినవాళ్ళకి దీని గురించి వేరే చెప్పక్కర్లేదు. మన ఉగాది పచ్చడిలో దానికి ఒక రుచిగా చోటుంది కానీ, దీని మీద పరిశోధన చేసినవాళ్ళలో ఎక్కువమంది అది రుచి కాదు, స్పర్శ అంటారు. టానిన్లు అనే పదార్థాలు లాలాజలంలోని ప్రోటీన్లను పట్టుకుని ముద్ద చేసేస్తాయి. నోటిని జారుగా ఉంచే ఆ పూత పోగానే నాలుక అంగిలికి రాసుకుంటుంది. ఆ రాపిడే వగరు. డికాక్షన్ టీలో పాలు పోస్తే వగరు తగ్గడానికి కారణం కూడా ఇదే: టానిన్లకు మన లాలాజలం కన్నా ముందు పాల ప్రోటీన్లు దొరికిపోతాయి.

బోర్డోవాళ్ళు ఈ పని కోడిగుడ్లతో చేస్తారు. 225 లీటర్ల పీపాకి ఐదారు గుడ్ల తెల్లసొన కలిపితే, అది గరుకు టానిన్లను కొన్నింటిని పట్టుకుని అడుక్కి దిగిపోతుంది. మిగిలిన పచ్చసొనలతోనే ఆ ఊరి కానెలే అనే కేకులు పుట్టాయంటారు. కథే కావచ్చు, కేకులు మాత్రం బాగుంటాయి.

ఇంత వగరు ఎక్కణ్ణుంచి వస్తుందో చూడాలంటే పొయాక్ అనే చిన్న ఊరి పక్కనున్న షాటో లాటూర్ అనే వైన్ తోటకి వెళ్ళాలి. 1855లో పారిస్ ప్రదర్శన కోసం మూడో నెపోలియన్ చక్రవర్తి బోర్డో వైన్లకు తరగతులు కట్టించినప్పుడు మొదటి తరగతిలో నిలిచిన నాలుగు ఎర్ర వైన్లలో ఇదొకటి. (ఐదోదాన్ని, మూటాన్ రోత్‌షీల్డ్‌ని, 1973లో చేర్చారు. ఆ పట్టికలో పైతరగతికి ఎక్కింది అదొక్కటే.) లాటూర్ అసలు వైన్‌కి ద్రాక్ష వచ్చేది ముఖ్యంగా భవనం చుట్టూ ఉన్న 47 హెక్టార్ల తోట నుంచి. ఆ నేల చూస్తే మన రైతులు పెదవి విరుస్తారు. అంతా గులకరాళ్ళే. మంచు యుగాల్లో నదులు కొండల మీది నుంచి మోసుకొచ్చి కుప్పపోసిన రాళ్ళు. వాన పడితే నీరు నిలవదు. పగలు వేడెక్కిన రాళ్ళు రాత్రికి ఆ వేడిని తీగలకు ఇస్తాయి. కింద బంకమన్ను ఉండటంతో ఎండాకాలంలో వేళ్ళకు కాస్త తడి అందుతుంది. పక్కనే సముద్రపాయలా వెడల్పైన జిరోండ్ నది ఉంది. చలిరాత్రుల్లో దాని నీళ్ళే తోటను గడ్డకట్టకుండా కాపాడతాయి. మంచి తోటలు నదిని చూస్తుంటాయని అక్కడో సామెత.

అక్కడ ఎక్కువగా పండేది కాబెర్నే సొవిన్యాన్ అనే నల్లద్రాక్ష. చిన్న పండు, మందపు తొక్క, ఆలస్యంగా పక్వానికొచ్చే రకం. నల్లద్రాక్షను పిండినా రసం దాదాపు తెల్లగానే వస్తుంది. ఎరుపు తొక్కలోంచి, వగరు తొక్కలోంచీ గింజలోంచీ రావాల్సిందే. పండు చిన్నదైతే రసంతో పోల్చినప్పుడు తొక్కా గింజా ఎక్కువుంటాయి. పైగా తొక్కలతో సహా రసాన్ని వారాల తరబడి నానబెడతారు. ఎండ చాలని ఏడాది ఈ రకం వైన్‌లో పచ్చి క్యాప్సికం వాసన వస్తుంది. పోలిక కోసం అనడం లేదు, క్యాప్సికంకి ఆ వాసననిచ్చే అణువే ఇందులోనూ ఉంటుంది.

సీసాలోకి వెళ్ళాక ఏం జరుగుతుందన్న ప్రశ్నని మొదట శ్రద్ధగా పట్టుకున్నవాడు లూయీ పాశ్చర్. ఆ పని అప్పగించింది కూడా మూడో నెపోలియనే. పాశ్చర్ కొన్ని గాజు గొట్టాలను వైన్‌తో నిండుగా నింపాడు, కొన్నింట్లో గాలికి చోటు వదిలాడు. గాలి ఉన్న గొట్టాల్లో రంగు మారింది, అడుగున మడ్డి చేరింది. నిండు గొట్టాల్లో పెద్ద మార్పేమీ లేదు. వైన్‌కి వయసు తెచ్చేది నెమ్మదిగా చొరబడే ఆక్సిజనే అని 1866లో పుస్తకం వేశాడు. తమాషా ఏమిటంటే, 20వ శతాబ్దంలో దాన్ని సవరించిన బోర్డో శాస్త్రవేత్త జ్యాన్ రిబెరో-గాయోన్ స్వయానా పాశ్చర్ శిష్యుడి మనవడు. పీపాలో ఉన్నంతకాలం పాశ్చర్ మాట చెల్లుతుంది, సీసాలో మాత్రం మార్పు చాలావరకు ఆక్సిజన్ అందకుండానే సాగుతుందన్నాడాయన. మంచి బెరడు బిరడా లోపలికి వదిలే ఆక్సిజన్ ఏడాదికి ఒక మిల్లీగ్రాము అటూ ఇటూ.

ఆ చీకట్లో టానిన్లు ఊరికే ఉండవు. చాలాకాలం చెప్పుకున్న కథ ఏమిటంటే, అవి ఒకదానికొకటి తగులుకుని గొలుసులై, బరువెక్కి మడ్డిగా దిగిపోతాయని, అందుకే వగరు తగ్గుతుందని. వినడానికి బాగుంటుంది, కానీ చిక్కుంది. పొడవు గొలుసులు పొట్టివాటికన్నా ఎక్కువ వగరుగా ఉంటాయని ప్రయోగాల్లో తేలింది. అసలు సంగతి ఇంకొంచెం గజిబిజి. వైన్‌లోని పులుపు ఆ గొలుసుల్ని తెంపుతూ ఉంటుంది, తెగిన ముక్కలు మళ్ళీ వేరేవిధంగా అతుక్కుంటాయి. కొన్ని వెళ్ళి ఎరుపునిచ్చే ఆంథోసయనిన్లతో జతకడతాయి. అలా జతకట్టినవి లాలాజలాన్ని అంత గట్టిగా పట్టుకోలేవు. రంగు కూడా ఆ జతతోనే మారుతుంది. గ్లాసుని తెల్లకాగితం మీద వంచి అంచు చూడండి: కుర్ర వైన్ నేరేడు రంగు, ముసలి వైన్ ఇటుక రంగు.

వాసనా మారుతుంది. మొదట బ్లాక్‌కరెంట్ (మనకు పండుగా కన్నా ఐస్‌క్రీం ఫ్లేవర్‌గానే ఎక్కువ పరిచయం). పదిహేను, ఇరవై ఏళ్ళకు దేవదారు చెక్క, పొగాకు, అప్పుడే చెక్కిన పెన్సిలు. పొయాక్ వైన్‌లో పెన్సిలు వాసనను అభిమానులు వెతుక్కుంటారు.

అయితే పాతబడితే చాలు మంచిదవుతుందన్న నమ్మకం ఒట్టిది. ప్రపంచంలో తయారయ్యే వైన్‌లో అత్యధిక భాగం ఏడాది రెండేళ్ళలో తాగేయడానికి చేసిందే. దాచినకొద్దీ చప్పబడుతుంది. నిలవాలంటే వగరు, పులుపు, పండు సారం మూడూ సమృద్ధిగా ఉండాలి. వగరు తగ్గేలోపే పండు వాసన పోతే మిగిలేది ఎండుకట్టె. మా బంధువొకాయన ఫ్రాన్స్ నుంచి తెచ్చుకున్న సీసాను హైదరాబాద్‌లో హాల్లో షోకేసులో పదకొండేళ్ళు నిలువుగా ఉంచి, కూతురి నిశ్చితార్థం రోజున తీశారు. ఉడకబెట్టిన ఎండుద్రాక్షకీ వెనిగర్‌కీ మధ్య ఏదో రుచి. ఎవరూ ఏమీ అనలేదు. నిలబెట్టినందుకు బిరడా ఎండింది, మిగతా పని ఎండ చేసింది. సెల్లార్లో ఉండాల్సిన వేడి 12, 13 డిగ్రీలు. పది డిగ్రీలు పెరిగితే రసాయన చర్యల వేగం సుమారు రెండింతలని ఇంటర్‌లో చదువుకున్నాం. కానీ అన్ని చర్యలూ ఒకేలా వేగం పెంచుకోవు. పాడుచేసేవి ముందు పరిగెడతాయి. అందుకే మే నెల హైదరాబాద్ లాంటి వేడిలో ఒక ఏడాది ఉంచితే బోర్డో సెల్లార్లో నాలుగేళ్ళు ఉంచినట్టు కాదు.

నిలిచే గుణం ఫ్రాన్స్ సొంత ఆస్తీ కాదు. 1976 మే 24న పారిస్‌లో స్టీవెన్ స్పరియర్ అనే బ్రిటిష్ వ్యాపారి పేర్లు దాచి రుచి పోటీ పెడితే, ఎర్ర వైన్లలో కాలిఫోర్నియావాళ్ళు 1973 ద్రాక్షతో చేసిన స్టాగ్స్ లీప్ అనే వైన్ బోర్డో మహామహుల్ని దాటేసింది. ఇవి కుర్రతనంలో మెరుస్తాయి, మావి వయసొచ్చాక చూడండి అన్నారు ఫ్రాన్స్ వైపువాళ్ళు. న్యాయమైన మాటే. సరిగ్గా ముప్ఫై ఏళ్ళకు, 2006లో, అవే వైన్లను మళ్ళీ రుచి చూశారు. మొదటి ఐదు స్థానాలూ కాలిఫోర్నియావే, అన్నిటికన్నా పైన 1971 రిడ్జ్ మాంటె బెల్లో.

లాటూర్ యజమానులు 2012లో ఇంకో దారి పట్టారు. పీపాలో ఉండగానే అమ్మే ఏప్రిల్ సంత నుంచి తప్పుకుని, వైన్ తాగే వయసుకు దగ్గరయ్యాకే బయటికి పంపుతామన్నారు. ఎదురుచూపుల వడ్డీ ధరలో కలుస్తుందనుకోండి. కొనగలిగిన పాతకాలపు వాళ్ళు మాత్రం ఇప్పటికీ పన్నెండు సీసాల చెక్కపెట్టె కొంటారు. పదో ఏట ఒకటి తెరుస్తారు. బుగ్గలు ఇంకా లోపలికి లాగుతుంటే పెట్టె మూసేసి, మిగతా పదకొండింటినీ మరో ఐదేళ్ళకు చీకట్లోకి తోస్తారు.