ఓనరమ్మ గీతలు, వైఫై చాటింపులు

చిక్కడపల్లి,
హైదరాబాద్

చి. అమ్ములు, బుజ్జిబాబులకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న మెట్రోలో అమ్ములు అడిగింది: "నేను ఎవరి వైఫైకీ కనెక్ట్ అవ్వలేదు కదా తాతయ్యా, ఇంక నా ఫోన్‌కి భయమేంటి?" అని. ఇంతలో అమీర్‌పేట వచ్చింది, ఆ తోపులాటలో జవాబు చెప్పడం కుదరలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

కనెక్ట్ అవ్వకపోయినా ఫోన్ వింటూనే ఉంటుంది. రౌటర్ మామూలుగా సెకనుకు 10 సార్లు దాకా "నేనిక్కడున్నాను, నా పేరిదీ" అని గాలిలోకి చాటుతుంది. ఆ చాటింపును బీకన్ అంటారు. వైఫై ఆన్‌లో ఉంటే ఫోన్ వాటిని ఏరి జాబితా వేస్తుంది. అందులో వివరాలు చదివి మెమరీలో దాచే పని చాలావరకు కెర్నెల్‌ది, అంటే ఫోన్‌ను లోపల్నుంచి నడిపించే మూల ప్రోగ్రామ్‌ది. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉండేది లినక్స్ కెర్నెలే.

ఆ దాచడంలోనే ఉంది తిరకాసు.

నా చిన్నప్పుడు మాది వాటాల ఇల్లు. చుట్టూ గదులు, అందరికీ ఒకటే నల్లా. ఏ గదికి ఎన్ని తాళంచెవులు ఇచ్చిందో ఓనరమ్మ గోడమీద బొగ్గుతో గీతలు గీసేది. చెవి తిరిగొస్తే ఒక గీత చెరిపేది. గీతలన్నీ పోయాకే సున్నం కొట్టించి కొత్తవాళ్లకు అద్దెకిచ్చేది. ఎండాకాలం మధ్యాహ్నాలు ఆ గోడ పక్కనే గోలీలాడేవాళ్లం. ఆమె ఎంత గసిరినా కదిలేవాళ్లం కాదు, ఆ నీడ అంత చల్లగా ఉండేది. సరే, కెర్నెల్ కూడా అచ్చం ఆ ఓనరమ్మే. మెమరీలో ఒక్కో గదిని ఎందరు వాడుతున్నారో లెక్క రాసుకుంటుంది. లెక్క సున్నా అయితే గది ఇంకొకరికి ఇచ్చేస్తుంది.

ఒక గదికి రెండు చెవులిచ్చి, మొదటి చెవికి గీత గీయడం మరిచిపోయిందనుకోండి. రెండో చెవి తిరిగి రాగానే ఖాళీ అనుకుని గది ఇచ్చేస్తుంది. మొదటి చెవి ఉన్నవాడు రాత్రికొచ్చి తన గదే అనుకుని తలుపు తీస్తాడు. ఆ కొత్త అద్దెకు దిగింది ఓ జిత్తులమారి అయితే? బల్లమీద ఓ చీటీ రాసిపెడతాడు. వచ్చినవాడు అది తన చీటీయే అనుకుని అందులో ఉన్నట్టే చేస్తాడు. ఓనరమ్మా కెర్నెలే, ఆ చెవివాడూ కెర్నెలే. పోలిక కాస్త కుంటుతోంది, పోనివ్వండి.

ఇది నిజంగా జరిగింది. ఒకే రౌటర్ నాలుగైదు పేర్లను ఒకే బీకన్‌లో చాటే పద్ధతి ఒకటుంది. 2019లో వచ్చిన లినక్స్ 5.1 నుంచి, దాన్ని చదివే కోడ్‌లో ఈ గీతల లెక్క తప్పింది. మూడేళ్లు ఎవరి కంటా పడలేదు. 2022లో జర్మనీలోని డార్మ్‌స్టాట్ సాంకేతిక విశ్వవిద్యాలయ పరిశోధకుడు సోంకె హూస్టర్ వైఫై కోడ్‌ను తవ్వడం మొదలుపెడితే, ఆ తవ్వకంలో మొత్తం 5 లోపాలు బయటపడ్డాయి. అక్టోబరులో సవరణలు వచ్చాయి. ఈ తప్పును వాడుకునేలా చెడ్డ బీకన్ పంపే జిత్తులమారి వైఫై అందేంత దగ్గరలో ఉండాలి. మెట్రోలో పక్క సీటు చాలదూ!

కాబట్టి అప్‌డేట్ అడిగితే "తర్వాత" నొక్కకండి. హోంవర్క్‌కీ మీది అదే వరస అని మీ అమ్మ చెప్పింది.

ఇప్పుడు సెట్టింగ్స్‌లో 'అబౌట్ ఫోన్' తెరిచి కెర్నెల్ వెర్షన్ ఎంతో చూడండి. తర్వాత మేడెక్కి, మీ సందులో ఎన్ని చాటింపులు అందుతున్నాయో లెక్కపెట్టండి. వైఫై పేరుకు 32 బైట్లే చోటు. తెలుగులో ఒక్కో గుర్తుకు 3 బైట్లు పడతాయి, గుణింతాలూ ఒత్తులూ విడిగా లెక్క. అందులో పట్టేలా మీ రౌటర్‌కు ఓ మంచి తెలుగు పేరు ఆలోచించి నాకు రాయండి.

మీ తాతయ్య