మొక్కకి పగటి కన్నా రాత్రే ముఖ్యం

మొక్కలు పెంచేవాళ్ళం ఎండ ఎంతసేపు పడుతుందో చూస్తాం, నీళ్ళు చూస్తాం, ఎరువు చూస్తాం, రాత్రి సంగతి మాత్రం పెద్దగా పట్టించుకోం. కానీ ఏ మొక్క ఎక్కడ బతుకుతుంది, ఎప్పుడు పూస్తుంది అనేది చాలా వరకు తేలేది రాత్రిపూటే.

టమాటానే చూడండి. మొక్క ఏపుగా ఉంటుంది, పూత బోలెడు వస్తుంది, పిందె మాత్రం కట్టదు, పూలన్నీ రాలిపోతాయి. తెగులేమో అనుకుని మందు కొట్టేస్తారు పాపం. చాలాసార్లు అసలు కారణం ఏంటంటే రాత్రి కూడా 24 డిగ్రీల కంటే కిందకి దిగట్లేదు, ఆ వేడికి పుప్పొడి దెబ్బతిని పూలు నిలవట్లేదు, అంతే. రాత్రి 13 డిగ్రీల కంటే తగ్గినా ఇదే కథ.

చామంతిది ఇంకో లెక్క, అది చీకటి ఎన్ని గంటలుందో కొలుస్తుంది, రాత్రి తగినంత పొడుగ్గా ఉంటేనే పూస్తుంది. ఈ సంగతి బయటపడింది పొగాకు వల్ల. మేరీలాండ్ మామత్ అనే పొగాకు రకం వేసవంతా ఎత్తు పెరగడమే తప్ప పూసేది కాదు, చలికాలం గ్రీన్‌హౌస్‌లో పెడితే మాత్రం పూసేది. గార్నర్, అలార్డ్ అనే ఇద్దరు అమెరికా శాస్త్రవేత్తలు వేసవిలోనే రోజూ కొన్ని గంటలు మొక్కల్ని చీకటి గదిలో పెట్టి చూశారు, పూసేశాయి! 1920లో ఆ ఫలితాలు అచ్చువేశారు. మొదట పగలు ఎంతసేపు ఉందన్నదే ముఖ్యం అనుకున్నారు గానీ, 1938లో హామ్నర్, బానర్ ఇంకో మొక్క మీద చేసిన ప్రయోగాల్లో అసలు లెక్క రాత్రిదని తేలింది, ఎందుకంటే పొడుగాటి చీకటి మధ్యలో కాసేపు లైటు వేస్తే చాలు, పూత ఆగిపోయింది. ఆకుల్లో ఫైటోక్రోమ్ అనే పదార్థం ఉంటుంది, ఎర్ర కాంతి తగిలితే దాని రూపం మారిపోతుంది, మొక్కకి చీకటి తెలిసేది దాని వల్లే. మీ చామంతి మొగ్గ వేయకపోతే రాత్రి దాని మీద వీధి లైటు పడుతోందేమో ఒకసారి చూడండి, నిజంగా తేడా ఉంటుంది.

ఇక ఎక్కడ బతుకుతుంది అన్న ప్రశ్న. అమెరికా వ్యవసాయ శాఖ తోటల కోసం దేశాన్ని 13 జోన్లుగా చేసి మ్యాప్ వేసింది, దానికి ఆధారం ఎండ కాదు, ఏటా అత్యంత చల్లగా ఉండే వేళ ఎంతకి దిగుతుందో దాని 30 ఏళ్ళ సగటు. ఎందుకంటే మంచు పట్టే ఒక్క రాత్రి చాలు, లేత కణజాలం గడ్డకట్టి చిట్లిపోతుంది. అదే తోటలో కూడా పల్లంలో మొక్క పోతుంది, పగలంతా వేడెక్కిన గోడ పక్కది బతికేస్తుంది, చల్లగాలి బరువు కాబట్టి పల్లానికి జారుతుంది కదా.

ఆపిల్‌కి మాత్రం ఆ చలే కావాలి, చాలా రకాలకి 7 డిగ్రీల లోపు చలి 800 నుంచి 1000 గంటలు పడితే గానీ మొగ్గలు సరిగ్గా నిద్ర లేవవు. చలికాలాలు వేడెక్కుతున్న చోట్ల ఆ గంటలు చాలట్లేదు, అందుకే ఆపిల్ తోటలు ఇప్పుడు కొండల మీద ఇంకా పైకి పోతున్నాయి, కిలోమీటరు ఎత్తుకి సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుంది కాబట్టి.