యాంటీబాడీ రిపోర్టులో అంకె: అడిగిందొకటి, చదువుకున్నదొకటి

కోవిడ్ తగ్గాక చేయించుకున్న యాంటీబాడీ పరీక్షలో (వైరస్‌ను గుర్తుపట్టి అతుక్కునేలా శరీరం తయారుచేసే ప్రోటీన్లే యాంటీబాడీలు) అంకె తక్కువొస్తే టెన్షన్, ఎక్కువొస్తే ధీమా. ఆ అంకెను నమ్ముకుని మాస్కు తీసేసినవాళ్లున్నారు, టీకా వాయిదా వేసుకున్నవాళ్లూ ఉన్నారు. నిజానికి ఆ పరీక్షలు పుట్టింది 'ఈ మనిషికి ఎప్పుడైనా వైరస్ సోకిందా' అని తేల్చడానికి. జనానికి కావాల్సిన జవాబేమో 'మళ్లీ రాదు కదా' అన్నదానికి. మొదటి ప్రశ్నకు వచ్చిన జవాబును రెండోదానికి వాడుకోవడంతోనే చిక్కంతా వచ్చింది.

రోగాన్ని తట్టుకున్న జంతువు సీరానికి (గడ్డకట్టిన రక్తం నుంచి వేరుపడే ద్రవానికి) విషాన్ని విరిచే శక్తి ఉంటుందని 1890లో బెర్లిన్‌లో ఎమిల్ ఫాన్ బేరింగ్, కిటసాటో షిబసబురో ధనుర్వాతం, డిఫ్తీరియాల మీద చేసిన ప్రయోగాల్లో తేలింది. ఆ శక్తినిచ్చే యాంటీబాడీలను ఏ ల్యాబ్‌లోనైనా సులువుగా కొలిచే దారి దొరకడానికి మరో 80 ఏళ్లు పట్టింది. 1971లో స్టాక్‌హోంలో ఎవా ఎంగ్వాల్, పీటర్ పెర్ల్‌మన్, అదే రోజుల్లో నెదర్లాండ్స్‌లో మరో బృందం ఎలైసా పద్ధతిని బయటపెట్టారు. 96 చిన్న గుంటలున్న ప్లాస్టిక్ ప్లేటు తీసుకుని, గుంటల అడుగున వైరస్ ప్రోటీన్ పూస్తారు. సీరం పోస్తే, ఆ ప్రోటీన్‌ను గుర్తుపట్టే యాంటీబాడీలు అక్కడే అతుక్కుంటాయి, మిగిలింది కడిగేస్తారు. తర్వాత ఎంజైము తగిలించిన మరో యాంటీబాడీ, మళ్లీ కడగడం, చివర్లో రంగునిచ్చే రసాయనం. గుంటలో రంగు ఎంత చిక్కగా వస్తే యాంటీబాడీలు అంత ఎక్కువ.

మరి ఎంత రంగొస్తే పాజిటివ్ అనాలి? ఆ గీత మనుషులు గీయాల్సిందే. 2020లో ల్యాబులు ఇందుకోసం కోవిడ్‌కు ముందు ఫ్రీజర్లలో దాచిన రక్త నమూనాలను బయటికి తీశాయి. వాటిలో ఈ వైరస్ యాంటీబాడీలు ఉండే వీల్లేదు. అయినా కొన్నింటిలో కాస్త రంగు వచ్చేది. మామూలు జలుబు తెచ్చే కరోనా వైరస్‌లు నాలుగున్నాయి: 229ఈ, ఓసీ43, ఎన్ఎల్63, హెచ్‌కేయూ1. చిన్నప్పటి నుంచి దాదాపు అందరికీ సోకుతూనే ఉంటాయి. వాటి యాంటీబాడీలు కొన్ని కొత్త వైరస్ ప్రోటీన్‌కూ అంటుకుంటాయి. అందుకే పాజిటివ్ గీతను ఆ కాస్త రంగుకు పైన గీయాలి.

యాంటీబాడీలు ఎన్నాళ్లుంటాయన్న ప్రశ్నకూ ఆ జలుబు వైరస్‌లే చాలా ముందుగా జవాబిచ్చాయి. ఇంగ్లండ్‌లోని సాలిస్‌బరీలో జలుబుల మీద పరిశోధించే కేంద్రం ఒకటి 1946లో మొదలై దశాబ్దాల పాటు నడిచింది. అక్కడ వాలంటీర్ల ముక్కులో 229ఈ వైరస్ వేసి ఏడాది పాటు గమనించారు. యాంటీబాడీలు కొన్ని వారాల్లో బాగా పెరిగి, తర్వాత తగ్గుతూ వచ్చాయి. ఏడాది తర్వాత అదే వైరస్ మళ్లీ వేస్తే, మొదటిసారి సోకిన 9 మందిలో 6 మందికి మళ్లీ సోకింది. కానీ వాళ్లలో ఎవరికీ జలుబు రాలేదు, వైరస్ బయటికి వదిలిన రోజులు కూడా తగ్గాయి. ఈ ఫలితాలు 1990లోనే అచ్చయ్యాయి. సోకకుండా ఆపడం వేరు, సోకినా జబ్బు ముదరకుండా ఆపడం వేరు అని ఇంత చిన్న ప్రయోగం తేల్చి చెప్పింది. 2020లో దీన్ని ముందు పెట్టుకుని మాట్లాడి ఉంటే ఎంతో భయం, అంతకు మించిన అతి ధీమా తప్పేవని నా గట్టి నమ్మకం.

జరిగింది వేరు. 2020 మార్చిలో అమెరికాలో మందులను, వైద్య పరీక్షలను నియంత్రించే ఎఫ్‌డీఏ తన ముందస్తు పరిశీలన లేకుండానే యాంటీబాడీ కిట్ల అమ్మకానికి దారి వదిలింది. నాణ్యత తెలియని కిట్లు మార్కెట్లో కుప్పలుగా పడ్డాయి. మే 4న నిబంధనలు బిగించాల్సి వచ్చింది. కిట్ మంచిదే అనుకున్నా లెక్క ఇబ్బంది పెడుతుంది. వెయ్యి మందిలో 10 మందికే వైరస్ సోకిందనుకుందాం. సోకనివాళ్లలో 98 శాతం మందిని సరిగ్గా నెగటివ్ అని చెప్పే పరీక్ష కూడా మిగతా 990 మందిలో సుమారు 20 మందికి పాజిటివ్ అంటుంది. అంటే సోకిన 10 మందినీ సరిగ్గా పట్టుకున్నా, పాజిటివ్ వచ్చిన ప్రతి ముగ్గురిలో ఇద్దరికి అసలు వైరస్సే సోకలేదు. అలాంటి దశలో కొన్ని దేశాలు 'ఇమ్యూనిటీ పాస్‌పోర్టు'ల మాట, అంటే యాంటీబాడీలున్నవారిని స్వేచ్ఛగా తిరగనిచ్చే పత్రాల మాట ఎత్తాయి. ఒకసారి కోలుకున్నవారికి మళ్లీ సోకదనడానికి ఆధారం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏప్రిల్ 24న హెచ్చరించింది.

బ్రెజిల్‌లోని మనౌస్ నగరం కథ ఇంకా బాధాకరం. 2020 జూన్‌లో అక్కడి రక్తదాతల్లో 44 శాతం మందిలో యాంటీబాడీలు కనిపించాయి. తరిగిపోయినవాటిని కూడా లెక్కగట్టి, అక్టోబరు నాటికి 76 శాతం మందికి వైరస్ సోకి ఉంటుందని పరిశోధకులు అంచనా వేశారు. హెర్డ్ ఇమ్యూనిటీ, అంటే చాలామందికి రక్షణ రావడంతో వైరస్ వ్యాపించలేని స్థితి, వచ్చేసిందనే మాట వినిపించింది. 2021 జనవరిలో గామా వేరియంట్‌తో వచ్చిన రెండో అలకు ఆస్పత్రుల్లో ఆక్సిజన్ అయిపోయింది. అంచనా ఎక్కువైందా, రక్షణ తగ్గిందా, వైరస్ మారిందా అని వాదనలు నడిచాయి. నగరంలో ఇంతమందికి సోకింది అన్న అంకె, నగరం ఇంత క్షేమం అన్న అర్థాన్ని మాత్రం ఇవ్వలేకపోయింది.

యాంటీబాడీలు తగ్గగానే రక్షణ మొత్తం పోయిందనుకోవడమూ పొరపాటే. జబ్బు తగ్గాక మొదటి నెలల్లో అవి వేగంగా పడిపోతాయి. తర్వాత ఎముక మజ్జలో స్థిరపడ్డ, యాంటీబాడీలను తయారుచేసే ప్లాస్మా కణాల వల్ల ఆ పతనం నెమ్మదిస్తుంది. 2003లో సార్స్ వచ్చి తగ్గినవారిలో 17 ఏళ్ల తర్వాత కూడా ఆ వైరస్‌ను గుర్తుపట్టే టి కణాలు (రక్షణ వ్యవస్థలోని మరో రకం తెల్లకణాలు) దొరికాయి. ఎలైసా ప్లేటులో అవి కనబడవు.

అంకెల్లోనూ పేచీ ఉంది. ఒక కంపెనీ కిట్‌లో 50, మరో కంపెనీ కిట్‌లో 500 రావచ్చు. ఈ గొడవ తగ్గించడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 డిసెంబరులో ఒక ప్రామాణిక నమూనాను, దాని ఆధారంగా యూనిట్లను తెచ్చింది. అయితే అతుక్కునే యాంటీబాడీలన్నీ వైరస్‌ను ఆపలేవు. ఆపుతున్నాయో లేదో నేరుగా చూడాలంటే సీరం కలిపి బతికున్న వైరస్‌ను కణాల మీద వదలొచ్చు, కానీ దానికి గట్టి భద్రత ఉన్న ల్యాబ్ కావాలి. ఆపే యాంటీబాడీలు ఎక్కువుంటే రక్షణ ఎక్కువని 2021లో టీకా ట్రయల్స్‌ను పోల్చి చూపించారు. కొద్ది నెలలకే ఒమిక్రాన్ వచ్చి, పాత వైరస్‌ను ఆపిన సీరాన్ని చాలావరకు తప్పించుకుంది. హెపటైటిస్-బి టీకా వేసుకున్నవారికి మిల్లీలీటరుకు 10 అంతర్జాతీయ మిల్లీయూనిట్లు దాటితే రక్షణ ఉన్నట్టేనని ఒప్పుకున్న గీత ఉంది. రూపం మార్చుకుంటూ పోయే కరోనాకు అలాంటి గీత కుదరలేదు. టీకా తర్వాత రక్షణ చూసుకోవడానికి ఈ పరీక్షలు వాడొద్దని ఎఫ్‌డీఏ 2021 మేలో చెప్పింది కూడా అందుకే.

అసలు ప్రశ్నకు వాడితే మాత్రం ఈ పరీక్ష బాగా అక్కరకొస్తుంది. వైరస్ పైన ముల్లులా ఉండే స్పైక్ ప్రోటీన్ టీకా మాత్రమే వేసుకున్నవారిలో, వైరస్ లోపలుండే న్యూక్లియోక్యాప్సిడ్ ప్రోటీన్ మీద యాంటీబాడీలు కనిపిస్తే అవి వైరస్ సోకడం వల్ల వచ్చినవే. మొత్తం వైరస్‌ను నిర్వీర్యం చేసి తయారుచేసిన టీకా వేసుకున్నవారిలో ఆ తేడా తెలియదు. కోవిడ్ వచ్చిపోయిన కొన్ని వారాలకు పిల్లల్లో గుండె, పేగులు సహా పలు అవయవాల్లో తీవ్రమైన వాపు రావచ్చు. అప్పటికి వైరస్‌ను నేరుగా వెతికే పీసీఆర్ పరీక్ష తరచూ నెగటివ్ వస్తుంది. ఆ పిల్లల రక్తంలో యాంటీబాడీలు కనిపిస్తే, టీకా వల్ల వచ్చినవి కాకపోతే, డాక్టర్లకు జబ్బు మూలం దొరికినట్టే.