సెల్లు మార్చేముందు: ఆండ్రాయిడ్, ఐఫోన్లలో తెలుగు నడిచిన దారి

హనుమకొండ చౌరస్తాలో సెల్లు కొనబోయేవాళ్లు ముందు చూసేది కెమెరా, బ్యాటరీ, ధర. ఆండ్రాయిడ్ వదిలి ఐఫోన్‌కు పోవాలా, ఐఫోన్ వదిలి ఇటు రావాలా అన్నది వీటితో తేలదు. ఇంటివాళ్లతోనూ, ఎనుమాముల మార్కెట్‌లో పత్తి, మిర్చి ధరలు చెప్పుకునే గ్రూపుల్లోనూ తెలుగులోనే రాసుకునేవాళ్లకు రెండు సంగతులు ముఖ్యం: ఫోన్లో తెలుగు ఎంత సాఫీగా నడుస్తుంది, పాత చాట్లు వెంట వస్తాయా రావా. ఈ రెండింటికీ వెనక పదిహేడేళ్ల కథ ఉంది.

ఐఫోన్ మన దేశానికి 2008 ఆగస్టులో వచ్చింది. 8 జీబీ ఫోన్ 31 వేల రూపాయలు. అప్పుడు మన చేతుల్లో ఎక్కువగా ఉన్నవి నోకియాలే. తెలుగు పేజీ తెరిస్తే అక్షరాల చోట డబ్బాలు కనబడేవి. చాలా ఫోన్లలో తెలుగు ఫాంటు ఉండేది కాదు. ఉన్నా ఒత్తులను, గుణింతాలను కలిపి పేర్చే ఏర్పాటు ఉండేది కాదు. ఆ రోజుల్లో దిక్కు ఒపేరా మినీ అనే బ్రౌజర్. అడ్రసు గడిలో ఇంగ్లిష్ అక్షరాలతో ‘ఒపేరా:కాన్ఫిగ్’ అని కొట్టి, ‘యూజ్ బిట్‌మ్యాప్ ఫాంట్స్ ఫర్ కాంప్లెక్స్ స్క్రిప్ట్స్’ దగ్గర ‘యెస్’ పెట్టి సేవ్ చేస్తే, తెలుగు అక్షరాలు సర్వరు నుంచి బొమ్మలుగా దిగేవి. డేటా ఎక్కువ ఖర్చయ్యేది, కానీ చదవగలిగేవాళ్లం.

ఆ నోకియాల కథ ముగిసిన తీరు కూడా గుర్తుంచుకోవాలి. 2011 ఫిబ్రవరిలో నోకియా తన ఫోన్లను నడిపే సింబియన్ సాఫ్ట్‌వేర్‌ను పక్కనబెట్టి మైక్రోసాఫ్ట్ విండోస్‌ను ఎత్తుకుంది. లూమియా పేరుతో విండోస్ ఫోన్లు అమ్మింది. 2017 జూన్ 30తో సింబియన్ ఫోన్లలో, 2019 డిసెంబర్ 31తో విండోస్ ఫోన్లలో వాట్సాప్ ఆగిపోయింది. ఫోన్ చెడిపోలేదు, వాట్సాప్ వెళ్లిపోయింది. ఆ చాట్లను ఆండ్రాయిడ్‌లోకి తెచ్చుకునే అధికారిక దారి లేక ఏళ్ల తరబడి మాటలు, ఫొటోలు అక్కడే ఉండిపోయాయి.

చివరికి మిగిలినవి ఆండ్రాయిడ్, ఐఫోన్ రెండే. 2014లో ఆండ్రాయిడ్ 5.0తో మెనూలన్నీ తెలుగులోకి వచ్చాయి. ఐఫోన్ ఈ విషయంలో చాలా వెనకబడింది. 2018 ఫిబ్రవరిలో తెలుగు ‘జ్ఞా’ ఐఫోన్లను కూల్చేసిందని ప్రపంచమంతా వార్త అయింది. తప్పు మన అక్షరానిది కాదు. జ, పొల్లు, ఞ తర్వాత కంటికి కనబడని ‘కలపవద్దు’ అనే కోడ్ ఒకటి వచ్చి, దాని వెనక దీర్ఘం వస్తే, అక్షరాలను పేర్చే ఆపిల్ సాఫ్ట్‌వేర్ తికమకపడి కూలిపోయేది. మామూలుగా రాసే ‘జ్ఞానం’లో ఆ కోడ్ ఉండదు. ఆ నెల 19న, ఐఫోన్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ ఐఓఎస్‌కు వచ్చిన 11.2.6 అప్‌డేట్‌తో సరిచేశారు. తెలుగు మెనూలు మాత్రం 2025 మార్చి 31న, ఐఓఎస్ 18.4తో గానీ రాలేదు. ఆండ్రాయిడ్ తర్వాత పదేళ్లకు!

వాట్సాప్ చాట్ల తరలింపు ఇంకా కొత్తది. ఐఫోన్ నుంచి ఆండ్రాయిడ్‌కు కేబుల్‌తో మార్చే దారి 2021లో మొదట శాంసంగ్ ఫోన్లకు వచ్చింది. ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కు 2022లో ‘మూవ్ టు ఐఓఎస్’ యాప్ ద్వారా వచ్చింది. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. ఈ దారి ఐఫోన్‌ను మొదటిసారి సెట్ చేసేటప్పుడే తెరుచుకుంటుంది. దుకాణంవాళ్లు సెట్ చేసిస్తామంటే వద్దనండి. అప్పటికే చేసేస్తే ఫోన్ మొత్తం రీసెట్ చేసి మళ్లీ మొదలుపెట్టాలి. రెండు ఫోన్లూ చార్జింగ్‌లో పెట్టండి, రెండింట్లోనూ ఒకే వాట్సాప్ నంబరు ఉండాలి. ఆండ్రాయిడ్‌లో మొబైల్ డేటా ఆపేయండి: ఐఫోన్ ఇచ్చే తాత్కాలిక వైఫైలో ఇంటర్నెట్ ఉండదు కాబట్టి ఫోన్ డేటా మీదికి దూకుతుంది, తరలింపు మధ్యలో తెగిపోతుంది. యాప్‌లో ఐఫోన్ చూపించే కోడ్ కొట్టి, జాబితాలో వాట్సాప్‌ను ఎంచుకోండి. అయ్యేదాకా వేరే యాప్ తెరవకండి. గూగుల్ డ్రైవ్‌లో బ్యాకప్ ఉందిగదా అన్న ధీమా పనికిరాదు, ఐఫోన్ దాన్ని తీసుకోదు.

యూపీఐకి సిమ్ కొత్త ఫోన్లో ఉండాలి, ఎస్ఎంఎస్ పోయేంత బ్యాలెన్స్ ఉండాలి. ఐఫోన్లో యాప్ తనంతట తాను ఎస్ఎంఎస్ పంపలేదు. అంకెలు, అక్షరాలు కలిసిన మెసేజ్‌ను తెర మీద పెడుతుంది. ఒక్క అక్షరం కూడా మార్చకుండా పంపు నొక్కాలి. రెండు సిమ్‌లుంటే బ్యాంకులో ఉన్న నంబరు నుంచే పోతుందో లేదో చూసుకోండి. ఇదంతా అయ్యేదాకా పాత ఫోన్ అమ్మకండి.

ఇక మారాలా వద్దా? ఇంటిల్లిపాదీ ఆండ్రాయిడ్‌లో ఉండి, పదిహేను ఇరవై వేల లోపు చూసుకునేవాళ్లకు మారడంలో లాభం కనబడదు. ఎన్నేళ్లు అప్‌డేట్లు ఇస్తారో అడిగి కొత్త ఆండ్రాయిడే తీసుకోవడం మేలు. డబ్బు కలిసొస్తుందని పాత ఐఫోన్ కొనేవాళ్లు ఒకటి గమనించాలి: ఐఫోన్ 8, ఐఫోన్ టెన్ ఐఓఎస్ 16 దగ్గరే ఆగిపోయాయి, వాటిలో తెలుగు మెనూలు రావు. టెన్ ఆర్, టెన్ ఎస్, ఆ పైవాటిలోనే 18.4 ఎక్కుతుంది. డబ్బు చేతికిచ్చేముందే సెట్టింగ్స్‌లో జనరల్, అందులో అబౌట్ తెరిచి ఏ మోడలో, ఏ వెర్షనో మీ కళ్లతో చూసుకోండి.