ఎండ్రకాయ రాక్షసుడి గురించి

ఒంగోలు

చిరంజీవులు అబ్బయ్యకీ, అమ్మణ్ణికీ తాత దీవించి రాసేది. ఇక్కడ మేమంతా క్షేమం.

మీరు చేస్తున్న వీడియో గేమ్ కోసం గీసి, ఫోన్లో పంపిన రాక్షసుడి బొమ్మ చూశాను. కొమ్ములు, కోరలు, వీపున మంటలు, నాలుగు చేతుల్లో నాలుగు ఆయుధాలు. గీత కుదిరింది. అమ్మణ్ణి షేడింగు మరీ బాగుంది. అయితే వీడు చేసేదేమిటో నాకు అంతుబట్టలేదు. నరుకుతాడా, నిప్పు ఊదుతాడా, మీద పడతాడా? ఆడేవాడికి ఉండే వ్యవధి రెప్పపాటు. ఆలోపల దెబ్బ ఎటునుంచి వస్తుందో, ఎక్కడ కొడితే పడతాడో ఆ ఒళ్ళే చెప్పాలి. అందుకని ముందు వాడి పని తేల్చుకోండి, బొమ్మ తర్వాత.

మీ ఆట మొదలయ్యేది కొత్తపట్నం సముద్రపొడ్డు ఇసుకలోనే కదా, అక్కడి ఎండ్రకాయనే తీసుకోండి. పక్కకి పరుగెత్తుతుంది. బెదిరిస్తే డెక్కలు పైకెత్తుతుంది. పెరిగేటప్పుడు పాత డిప్ప విడిచి, కొత్తది గట్టిపడేదాకా మెత్తగా ఉంటుంది. ఇంకేం కావాలి? పక్కకే కదులుతాడు గనక ఎదురుగా నిలిచి లెక్క వేసుకోవచ్చు. డెక్క లేచిందంటే దెబ్బ రాబోతోంది. డిప్ప ఊడినప్పుడే కొట్టాలి. కొమ్ములూ మంటలూ తీసేయండి, అబ్బయ్యకు మనసొప్పకపోయినా సరే.

సముద్రపు జీవాలు ఈ పనికి కొత్తేమీ కాదు. 1978లో జపాన్‌లో టొమొహిరో నిషికాడో చేసిన 'స్పేస్ ఇన్వేడర్స్' అనే వీడియో గేమ్‌లో శత్రువులు ఆక్టోపస్, స్క్విడ్, ఎండ్రకాయ రూపాల్లోనే ఉంటారు. వాళ్ళు చచ్చేకొద్దీ మిగిలినవాళ్ళ వేగం పెరుగుతుంది. గీయాల్సిన బొమ్మలు తగ్గేసరికి ఆ యంత్రం పని చకచకా సాగేది, ఆయన దాన్ని అలాగే ఉంచేశాడు. 1980 నాటి 'ప్యాక్-మ్యాన్'లో దయ్యాలు నాలుగూ ఒకే అచ్చు, రంగే తేడా. ఎర్రది నేరుగా వెంటపడుతుంది, గులాబీది మీరు పోబోయే చోటికి గురిపెడుతుంది. ఎటు పోతుంటే కళ్ళు అటే చూస్తాయి. ఆ కళ్ళు గమనించండి, నాకు ఆ ఆటలో అన్నిటికంటే నచ్చింది అదే.

ఇక గీయడం. ముందు నల్లసిరాతో నిండుగా నింపిన ఆకారం వెయ్యండి, లోపల ఒక్క గీతా వద్దు. మన వైపు తోలుబొమ్మలాటలో తెర మీదికి బొమ్మ రాగానే, ఇంకా పాట ఎత్తుకోకముందే, తోక చూసి హనుమంతుణ్ణీ తలలు చూసి రావణుణ్ణీ ఎంత దూరాన కూర్చున్నవాళ్ళైనా పోల్చుకుంటారు. మీ ఆకారాన్ని అంగుళం లోపుకు కుదించి అమ్మకు చూపించండి. ఎండ్రకాయ అనగానే సరిపోదు, ఏ డెక్కతో కొడతాడో కూడా ఆమె చెప్పాలి. ఒక డెక్కను ఒంట్లో సగమంత చేస్తే చెబుతుంది.

రంగులు రెండు మూడు చాలు. ఇసుక మీద ఇసుకరంగు కలిసిపోతుంది, ఒంటికి ముదురు నీలిపచ్చ వెయ్యండి. ఎరుపు ఆ పెద్ద డెక్కకే. డిప్ప కింది మెత్తటి చోటుకు లేత పసుపు, అది ఇంకెక్కడా వాడకండి.

కదలికల దగ్గరే అసలు ఓపిక కావాలి. కంటికి కనబడింది చేతిదాకా చేరడానికి మనిషికి సుమారు పావు సెకను పడుతుంది. మీ ఆట సెకనుకు 60 ఫ్రేములు, అంటే తెర మీద ఒకదాని వెంట ఒకటిగా 60 బొమ్మలు, నడిస్తే అది 15 ఫ్రేములు. డెక్క లేచి 10 ఫ్రేములకే దెబ్బ పడితే ఎంత చురుకైనవాడూ తప్పించుకోలేడు, విసుక్కుని ఫోను పక్కన పడేస్తాడు. మొదటి అంకంలో 30 ఫ్రేముల పాటు డెక్క పైనే ఉండనివ్వండి. దెబ్బ మటుకు 3, 4 ఫ్రేముల్లో పడాలి. పడ్డాక డెక్క ఇసుకలో కాసేపు ఇరుక్కోవాలి, మీ హీరోకి సందు అదే.

ప్రతి అడుగుకీ కొత్త బొమ్మ గీయాలని బెంబేలెత్తకండి. 1985లో 'సూపర్ మారియో బ్రదర్స్' ఆట చేసేటప్పుడు చివర్లో మెమరీ దాదాపు నిండిపోయింది. అప్పుడు చేర్చిన గూంబా అనే చిన్న శత్రువుకు ఒక్క బొమ్మే గీసి, దాన్నే అద్దంలోలా కుడిఎడమలు మారుస్తూ నడిపించారు. మీవాడికి ఒక డెక్క పెద్దది గనక అలా తిప్పితే డెక్క అటూ ఇటూ గెంతుతుంది. కాళ్ళు మాత్రం వేరే లేయర్లో, అంటే విడి పొర మీద, వేసి, వాటినే తిప్పండి.

ఆదివారంలోగా నల్ల ఆకారాలు ఆరో ఏడో వేసి పంపండి. రంగు వేసినవి పంపితే చూడను.

ఇట్లు
మీ తాత