కోపం రావడం తప్పు కాదు: పర్లాకిమిడి నుంచి పిల్లలకు ఉత్తరం

పర్లాకిమిడి

చిరంజీవులైన పిల్లలకు,

ఆశీస్సులు. గుండెకు ఎన్ని గదులుంటాయో మీ సైన్సు పుస్తకం చెబుతుంది. కోపం వచ్చినప్పుడు ఆ గుండె ఎందుకు దడదడలాడుతుందో, ఆ క్షణంలో మనం ఏం చేయాలో మాత్రం బడిలో ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. చాలా ఏళ్లు పిల్లలకు పాఠాలు చెప్పినదాన్ని కాబట్టి ఆ పని నాది అనుకుంటున్నాను.

మన పూర్వపు నాట్యాచార్యులు మనిషి మనసులో నిలిచి ఉండే భావాలు ఎనిమిదని లెక్కగట్టారు. రతి, హాసం, శోకం, క్రోధం, ఉత్సాహం, భయం, జుగుప్స, విస్మయం. నవ్వు పక్కనే శోకం, ఉత్సాహం పక్కనే భయం ఉన్నాయి చూడండి. ఇవి మంచివి, అవి చెడ్డవి అని వాళ్లు గీత గీయలేదు. ఆ గీత మన ఇళ్లలో గీస్తాం. నవ్వుతూ తిరిగే పిల్ల బంగారుతల్లి, అలిగి కూర్చున్న పిల్ల మొండిఘటం. ఏడ్చే అబ్బాయిని "ఆడపిల్లలా ఏమిటా ఏడుపు?" అంటారు. కోప్పడిన అమ్మాయిని "ఆడపిల్లకు అంత కోపం పనికిరాదు" అంటారు. ఈ రెండు మాటలూ నాకు ఏనాడూ నచ్చలేదు. ఎవరైనా మిమ్మల్ని అలా అంటే ఆ మాటను మనసులో పెట్టుకోకండి.

మన పర్లాకిమిడి ఒడిశాలో ఉంది కాబట్టి ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. మీలో చాలామందికి రోజూ ఇదే పరిస్థితి. ఒకసారి ఆరో తరగతిలో ఒక అబ్బాయి లేచి ఒడియా పాఠం పైకి చదువుతున్నాడు. ఒక మాట దగ్గర తెలుగు యాస దొర్లింది. వెనక బల్ల మీద ఇద్దరు కిసుక్కున నవ్వారు. పిల్లవాడి చెవులు ఎర్రబడ్డాయి, పుస్తకం పట్టుకున్న వేళ్లు బిగుసుకున్నాయి, గొంతు సన్నబడింది. ఎలాగో పేరా పూర్తిచేసి కూర్చున్నాడు. మధ్యాహ్న భోజనం గంట కొట్టాక, నవ్విన వాళ్లలో ఒకడి నోటుపుస్తకం నిలువునా చింపేశాడు. అందరూ "వాడికి కోపం ఎక్కువ" అని తేల్చేశారు. నేను పక్కన కూర్చోబెట్టుకుని, చింపినప్పటి సంగతి వదిలేసి, చదివినప్పుడు ఎలా అనిపించిందో అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అక్కడ లేకుండా పోతే బాగుండుననిపించింది టీచర్" అన్నాడు.

అంటే అతనికి ముందు కలిగింది సిగ్గు. కోపం దాని మీద కప్పుకున్న దుప్పటి. మీకు కోపం వచ్చిన ప్రతిసారీ కింద ఏముందో ఒకసారి తొంగి చూడండి. అవమానం ఉండవచ్చు, భయం ఉండవచ్చు. తమ్ముణ్ని ఎక్కువ ముద్దు చేస్తున్నారన్న బాధ ఉండవచ్చు, ఒక్కోసారి ఉత్త ఆకలే ఉండవచ్చు. నిజంగా అన్యాయం జరిగినందుకు వచ్చిన కోపమూ ఉంటుంది. ఆ కోపం ఉండవలసిందే, దాన్ని మాటల్లో చెప్పవలసిందే. నోటుపుస్తకం చింపినందుకు ఆ అబ్బాయి క్షమాపణ చెప్పాడు, కొత్తది తెచ్చి ఇచ్చాడు. నవ్విన ఇద్దరి చేతా నేను క్షమాపణ చెప్పించాను. రెండూ జరగాలి. ఒకటే జరిగితే న్యాయం కాదు.

శరీరంలో ఏం జరుగుతుందో కూడా తెలుసుకోండి. మెదడు లోపల బాదంగింజంత భాగం ఒకటి ఉంది. దాన్ని అమిగ్డలా అంటారు. ఏదో ముప్పు వచ్చిందని అది హెచ్చరిస్తుంది. మూత్రపిండాల మీద ఉండే చిన్న గ్రంథులు అడ్రినలిన్‌ను రక్తంలోకి వదులుతాయి. గుండె వేగం పెరుగుతుంది, ఊపిరి పైపైన ఆడుతుంది, కండరాలు బిగుస్తాయి. శరీరం కొట్లాడడానికో పారిపోవడానికో సిద్ధమైపోతుంది. ఆగి ఆలోచించమని చెప్పే భాగం నుదుటి వెనక ఉంటుంది. అది పూర్తిగా ఎదగడానికి సుమారు 25 ఏళ్లు పడుతుంది. అందుకే మీ వయసులో కోపాన్ని పట్టుకోవడం పెద్దలకన్నా కష్టం. కష్టమే గాని, చేతకాని పని కాదు.

ముందు ఊపిరి సంగతి చూసుకోండి. నాలుగు లెక్కపెడుతూ పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి. వదిలే ఊపిరి పొడవుగా ఉంటే గుండె నెమ్మదిస్తుంది. పది సార్లు చేయండి. "సార్, రెండు నిమిషాలు వరండాలో నిలబడి వస్తాను" అని అడగవచ్చు, అందులో నామోషీ ఏమీ లేదు. తర్వాత మీకు కలిగినదానికి పేరు పెట్టండి. "నాకు అవమానంగా ఉంది", "నాకు భయంగా ఉంది" అని లోపలే అనుకున్నా మేలే. భావాన్ని మాటలో పెట్టినప్పుడు అమిగ్డలా ఉద్రేకం తగ్గడం మెదడు స్కానింగుల్లో శాస్త్రవేత్తలు చూశారు.

ఏ భాషలో అనుకోవాలని అడుగుతారేమో. ఏ భాషలో నోరు తెరుచుకుంటే ఆ భాషలోనే. మన ఊళ్లో పంతులుగా పనిచేసిన గిడుగు రామమూర్తి గారు సవర గిరిజనుల పిల్లలకు వాళ్ల మాటలోనే చదువు చెప్పాలని సవర భాష నేర్చుకుని వాచకాలు రాశారు. చదువుకే ఇంటి మాట అంత అవసరమైతే, మనసులోని బాధకు ఇంకెంత అవసరమో ఆలోచించండి.

కొట్టకూడదు, పగలగొట్టకూడదు, మిమ్మల్ని మీరు గాయపరచుకోకూడదు. ఈ హద్దులు మాత్రం దాటకండి. కోపంలో ఉన్నప్పుడు ఫోనులో ఎవరికీ ఏమీ పంపకండి. కాగితం మీద రాసి, మర్నాడు చదవండి.

భయం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. మన గజపతి జిల్లాలో కుండపోత వానలకు కొండచరియలు విరిగిపడి ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత చాలాకాలం గాలికి రేకులు చప్పుడైతే చాలు, పిల్లలు అమ్మ కొంగు పట్టుకునేవారు. రాత్రుళ్లు నిద్రలో ఉలిక్కిపడేవారు. "ఏమీ కాదు, పడుకో" అంటే ఆ భయం పోలేదు. జరిగింది పదే పదే చెప్పనిచ్చిన ఇళ్లలో, బొమ్మలు గీయనిచ్చిన ఇళ్లలో మెల్లగా తగ్గింది. చేతికి పని ఇచ్చినా తగ్గుతుంది. తుఫాను హెచ్చరిక వస్తే టార్చిలైటు, మంచినీళ్లు, పుస్తకాల సంచి సర్దే బాధ్యత మీరే తీసుకోండి. తుఫాను ఆశ్రయ కేంద్రానికి దారి ముందే చూసి ఉంచుకోండి.

నాన్న పనికోసం సూరత్‌కో కేరళకో వెళ్లి, పండక్కి కూడా రాలేకపోతే బెంగగా ఉంటుంది. ఫోను చేసినప్పుడు మాట్లాడకుండా విసుక్కునేది ఆ బెంగవల్లే. "నువ్వు లేక నాకు బాగా లేదు నాన్నా" అని చెప్పేయండి. ఆయనకూ అదే చెప్పాలని ఉంటుంది.

ఇక, దాచకూడనివి కొన్ని ఉన్నాయి. ఎవరైనా మీ శరీరాన్ని మీకు ఇబ్బంది కలిగేలా తాకినా, చూపమన్నా, "ఎవరికీ చెప్పకు" అన్నా తప్పు వాళ్లది. చుట్టమైనా, బాగా తెలిసినవారైనా సరే. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడేందుకు 2012లో పోక్సో చట్టం వచ్చింది. మొదట చెప్పినవారు నమ్మకపోతే రెండోవారికి చెప్పండి, వాళ్లూ నమ్మకపోతే మూడోవారికి చెప్పండి. పిల్లల సహాయం కోసం ఉన్న 1098 నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు. బడిలో కొట్టడం, మనసు నొచ్చుకునేలా అవమానించడం 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం నిషిద్ధం. అలా జరిగినా ఇంట్లో చెప్పండి.

రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోతే, తిండి సయించక, నిద్ర పట్టక, ఆటలంటే ఇష్టం పోతే పెద్దవాళ్లకు చెప్పి వైద్యుణ్ని చూడాలి. బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా రెండు వారాలు ఆగవద్దు, ఆ రోజే చెప్పండి. మనసు బాగాలేనివారికి ఫోనులో సహాయం చేసేందుకు 2022లో మొదలైన టెలీ మానస్ నంబరు 14416. పగలూ రాత్రీ పలుకుతారు, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడవచ్చు. ఈ రెండు నంబర్లూ నోటుపుస్తకం చివరి అట్ట లోపల రాసుకోండి. మెట్రిక్ ఫలితాలు వచ్చే రోజుల్లో స్నేహితులకూ చూపండి.

ఈ ఉత్తరం చదివాక అమ్మానాన్నలకు ఇవ్వండి. అమ్మలూ, అయ్యలూ, పిల్లలు బాధ చెప్పుకుంటే వెంటనే తీర్పు చెప్పకండి. "ఊఁ, తర్వాత?" అని అడగండి చాలు. పక్కింటి పిల్లలతో పోల్చకండి. మీరు కేకలు వేసిన రోజున, తర్వాత వాళ్ల దగ్గరకు వెళ్లి "ఇందాక అరవకుండా ఉండాల్సింది" అనండి. పిల్లలు నేర్చుకునేది దాని నుంచే.

పిల్లలూ, మీ మనసులో ఉన్నది నాకూ రాయండి. తెలుగు రాయడం కష్టమైతే ఒడియాలో రాయండి, రెండూ చదవగలను. పేరు రాయకపోయినా పర్వాలేదు, జవాబు కావాలంటే మాత్రం రాయాలి. అడిగిన ప్రతి ఒక్కరికీ జవాబు రాస్తాను.

ప్రేమతో,
మీ టీచరమ్మమ్మ