పెట్రోల్ ఎక్కువై మొరాయించే ఇంజన్

హైదరాబాద్ అపార్ట్‌మెంట్ల సెల్లార్లలో ఒక కారుకు అడ్డంగా ఇంకో కారు ఉండటం మామూలే. లోపలి కారు బయటికి రావాలంటే అడ్డంగా ఉన్నదాన్ని స్టార్ట్ చేసి, నాలుగు గజాలు జరిపి, వెంటనే ఆపేస్తారు. గంట తర్వాత దాని ఓనరు వచ్చి సెల్ఫ్ కొడితే స్టార్టర్ తిరుగుతుంది గానీ ఇంజన్ అందుకోదు. గుప్పున పెట్రోల్ వాసన. డిసెంబరు పొద్దుల్లో ఈ బాధ మరీ ఎక్కువ.

నిజానికి ద్రవంగా ఉన్న పెట్రోల్ మండదు, దాని ఆవిరే మండుతుంది. అదీ గాలిలో ఆవిరి ఘనపరిమాణం సుమారు 1.4 నుంచి 7.6 శాతం మధ్య ఉన్నప్పుడే. అంతకు మించితే నిప్పురవ్వ పడినా అంటుకోదు. చల్లటి ఇంజన్లో పెట్రోల్ సరిగా ఆవిరి కాక గోడలకు అంటుకుంటుంది కాబట్టి, ఆ లోటు పూడ్చడానికి కారులోని కంప్యూటర్ మొదట్లో ఎక్కువ పెట్రోల్ పంపుతుంది. ఇంజన్ వేడెక్కేలోపే ఆపేస్తే ఆ మిగులు లోపలే ఉండిపోతుంది. మళ్లీ సెల్ఫ్ కొడితే చల్లటి ఇంజన్ లెక్కన ఇంకో మోతాదు పడుతుంది. నిప్పురవ్వ పుట్టించే స్పార్క్ ప్లగ్ తడిసిపోతుంది. దానిమీద మసి కూడా ఉంటే కరెంటు రవ్వగా దూకకుండా ఆ మసి మీదుగా జారిపోతుంది. సిలిండర్ గోడల మీది ఆయిల్ పొర కూడా కడుక్కుపోయి కంప్రెషన్, అంటే పిస్టన్ గాలిని నొక్కే ఒత్తిడి, తగ్గుతుంది. స్టార్టర్ మామూలు కంటే తేలిగ్గా, వేగంగా తిరుగుతున్నట్టు వినిపించేది అందుకే.

అలాగని ప్రతిసారీ జరిపాక సెల్లార్‌లోనే ఇంజన్ నడుపుతూ ఉంచమనలేం, పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాంతకం. నేల చదునుగా ఉంటే న్యూట్రల్‌లో పెట్టి చేత్తో తోయడమే మేలు.

ఇప్పటికే పెట్రోల్ ఎక్కువైపోయి ఉంటే? ఇంజన్‌కు కావలసింది గాలి. గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ లాగి, యాక్సిలరేటర్‌ను అడుగుదాకా తొక్కిపట్టి సెల్ఫ్ కొట్టాలి. రేస్ ఇస్తే ఇంకా పెట్రోల్ పడుతుందేమోనన్న భయం సహజమే. కానీ ఇంజెక్షన్ ఉన్న చాలా కార్లలో స్టార్టర్ తిరిగేటప్పుడు పెడల్ పూర్తిగా నొక్కి ఉంటే కంప్యూటర్ పెట్రోల్ ఆపేసి గాలినే లోపలికి రానిస్తుంది. మీ కారు సంగతి మాన్యువల్లో చూసుకోండి. కంప్యూటర్ లేకుండా కార్బ్యురేటర్‌తోనే పెట్రోల్, గాలి కలిపే పాత బండ్లలోనూ పెడల్ తొక్కే పట్టాలి, పదేపదే ఆడించకూడదు. ఆడించిన ప్రతిసారీ చిన్న పంపు పెట్రోల్ చిమ్ముతుంది. గాలిని అడ్డుకునే చోక్ కూడా ఆఫ్‌లో ఉండాలి. ఒక్కోసారికి 5 నుంచి 10 సెకన్లు చాలు, మధ్యలో ఒక నిమిషం ఆగాలి, లేకపోతే స్టార్టర్, బ్యాటరీ రెండూ దెబ్బతింటాయి. ఇంజన్ అందుకోగానే పెడల్ వదిలేయండి. కారు చుట్టూ ఎవరూ సిగరెట్ వెలిగించకూడదని వేరే చెప్పాలా!

నలుగురిని పిలిచి తోయించి స్టార్ట్ చేయడం మాత్రం వద్దు. మండని పెట్రోల్ పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి చేరి అక్కడ మండితే అది పాడవుతుంది, చవకైన భాగం కాదది.

వానాకాలం సెల్లార్‌లో నీళ్లు చేరి బండి మునిగిందంటే ఇది పూర్తిగా వేరే కథ. అప్పుడు సెల్ఫ్ అసలు కొట్టొద్దు. సిలిండర్‌లోకి చేరిన నీరు గాలిలా అణగదు కాబట్టి పిస్టన్‌కు తగిలించిన కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు. టో చేయించి మెకానిక్‌కు అప్పగించాల్సిందే.

పెట్రోల్ సమస్య తరచూ వస్తుంటే కారణం వేరే ఉంటుంది. ఇంజన్ వేడిని కొలిచే కూలెంట్ టెంపరేచర్ సెన్సర్ చెడిపోతే వేడి ఇంజన్ను కూడా చల్లటిదిగా చూపిస్తుంది, కంప్యూటర్ దాన్నే నమ్ముతుంది. ఇంజెక్టర్ కారుతుండొచ్చు, ప్లగ్‌లు అరిగి ఉండొచ్చు. ఇంజన్ ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. ఘాటుగా పెట్రోల్ కంపు కొడితే ఆయిల్ పలచబడినట్టే, మార్పించుకోండి.